బావ గొంతు, నా జలగండం

మా నరసరావుపేట వాళ్లు విజయనగరం, శ్రీకాకుళం వైపు పెళ్లికీ పోరు, బేరానికీ పోరు. అందుకే నేను తిరిగొచ్చిన దగ్గర్నుంచీ బడిలో తోటి మాష్టర్లు, వీధి అరుగుల మీద పెద్దలు, "అంత దూరం పోయారు, అక్కడేముందయ్యా చూడ్డానికి?" అని అడుగుతూనే ఉన్నారు. గుడులున్నాయి, రెండు నదులున్నాయి, సముద్రముంది. చూడదగ్గవే అన్నీ. కానీ నేను పోయింది వాటి కోసం కాదు. మా బావను ఒప్పించడానికి పోయాను.

మా అక్క రాజ్యలక్ష్మి భర్త వీరరాఘవయ్య గారు వేలంపాటలు పిలిచే మనిషి. సంత ఆశీళ్లు, చింతతోపుల కాపు, దేవుడి మాన్యం కౌళ్లు, ఏ పాటైనా మా చుట్టుపక్కల పది ఊళ్లలో ఆయనే పిలవాలి. ఆయన గొంతు విని ఉత్సాహం పట్టలేక పాట పెంచి, ఇంటికెళ్లి తల పట్టుకున్నవాళ్లు చాలామంది. అట్లాంటి గొంతు కిందటేడు వర్షాకాలం నుంచి బొంగురుపోయింది. జలుబన్నారు, మిరియాల కషాయమన్నారు. చివరికి గుంటూరు డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల కాన్సరు పుండుందన్నాడు. మద్రాసు వెళ్లి గొంతుపెట్టె తీయించుకుంటే బతికే అవకాశముంది. మెడకు కన్నం పెడతారు, దాంట్లోంచే ఊపిరి. ఇక మాట ఉండదు. వద్దనుకుంటే కొన్ని నెలలు. ఆలోచించుకోవడానికి ఎక్కువ రోజులు లేవన్నాడు.

బావ ఇంటికొచ్చి, "రాసిపెట్టింది జరుగుద్ది. నేను మద్రాసు పోను, విజయనగరం పోతా," అన్నాడు. కుర్రతనంలో ఆయన ఆ ఊళ్లో గోగునార వర్తకుడి కొట్లో రెండేళ్లు పనిచేశాడు. పాట పిలవడం నేర్చుకున్నది అక్కడే.

అక్క నన్ను పక్కకు పిలిచింది. "ఒరే కోటీ, ఆయన వెంట నువ్వెళ్లు. తిరిగి ఇంటికి తీసుకురావద్దు. అట్నుంచి అటే మద్రాసు తీసుకుపో. నేను అక్కడికొస్తా. ఎట్లా ఒప్పిస్తావో నాకు తెలవదు."

నాకూ తెలవదు. పైగా రాసిపెట్టినదాని గురించి ఒకరికి చెప్పే అర్హత నాకు బొత్తిగా లేదు. నేను పుట్టినప్పుడు మా సిద్ధాంతి గారు నలభై నిండేలోపల నాకు జలగండం ఉందని చెప్పాడట. మా అమ్మ నన్ను బావి గట్టెక్కనివ్వలేదు. పుష్కరాలకు అందరూ కృష్ణకు పోతే నా నెత్తిన ఇంట్లోనే చెంబెడు నీళ్లు పోసింది. మాది మెట్ట ఊరు గనక చాలాకాలం ఇబ్బంది లేకపోయింది. నిరుడు సాగరు కాలవ నీళ్లొచ్చినప్పుడు ఊరంతా పసుపూ కుంకుమా పట్టుకుని ఎదురుపోతే, నేను బళ్లో తలుపేసుకుని కూర్చున్నాను. పిల్లలకు వస్తువులు నీటిలో ఎందుకు తేలతాయో పాఠం చెప్పే మాష్టర్ని నేను. మేం బయల్దేరిన ఈ మాఘానికి నాకు ముప్ఫైతొమ్మిదో ఏడు నడుస్తోంది.

విజయనగరం

మెయిలు దిగేసరికి తెల్లారింది. మూడు లాంతర్ల సెంటరు దగ్గర హోటల్లో మొదటి భోజనం చేశాం. పప్పులో బెల్లం వేశారు. పులుసులో బెల్లం వేశారు. మా గుంటూరు నాలుక్కి అది భోజనమో ఫలహారమో తేలలేదు. పనసపొట్టు కూరలో ఆవ పెడితే ముక్కు పుటాలదిరాయి గానీ, కారం అన్న మాట ఎక్కడా లేదు. నేను పచ్చిమిరపకాయ అడిగితే వడ్డించే ఆయన, "ఏటి బాబూ, కూర బాగోనేదేటి?" అని నిజంగా నొచ్చుకున్నాడు.

బావ మాత్రం రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఇంటి దగ్గర కారం ముద్ద గొంతు దిగక నెలల తరబడి మజ్జిగ మీద బతుకుతున్న మనిషి. "చూశావా, నా రోగానికి తగ్గ దేశం," అన్నాడు. అప్పటికే ఆయన మాట తడి కట్టె మీద రంపంలా ఉంది.

బావ పనిచేసిన కొట్టు ఇప్పుడు సైకిళ్ల షాపు. యజమాని సూర్యనారాయణ అనే పెద్దాయన, మేం గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తుంటే దొంగలనుకోకుండా కుర్చీలేయించి కాఫీ తెప్పించాడు. మా వైపైతే ముందు ఊరు, కులం, వచ్చిన పని అడిగి తర్వాత కాఫీ. ఇక్కడ ముందు కాఫీ. ఆ తర్వాత అడగడం మొదలుపెడితే మాత్రం వదలరు. బావ గొంతు గురించి కూడా అడిగాడు. బావ దాచకుండా చెప్పాడు.

"కోయించుకోరా మరి?"

"ఎంతవరకు రాసుంటే అంతవరకు."

సూర్యనారాయణ గారు తలూపి, "అదీ నిజవే," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పరాయి ఊళ్లో మొదటిపూటే బావకు వత్తాసు పలికే మనిషి దొరికాడు.

రామతీర్థం

మర్నాడు రామతీర్థం బస్సెక్కాం. కోనేటి దగ్గర రాములవారి దర్శనం చేసుకున్నాక బావ పక్కనున్న గురుభక్తుల కొండ ఎక్కుతానన్నాడు. ఆయాసపడుతూనే ఎక్కాడు. పైన బౌద్ధ సన్యాసులు కట్టుకున్న గోడల మొదళ్లు, విరిగిన స్తూపాల ఇటుకలు. ఎండ చురుక్కుమంటోంది. కట్టెలు ఏరుకునే ఒకావిడ మోపు దించి నీడకు కూర్చుంది.

"ఈ గోడలెవరివమ్మా?" అన్నాను.

"ఎవులో సన్నాసులు బాబూ. ఎనకటోళ్లు. ఎండాకాలం కూడా ఈ గుంటలో నీళ్లుంటాయి, అందుకే ఇక్కడున్నారు," అని ఇంకా ఏదో చెప్పబోయి, కింద ఎవరో పిలిస్తే మోపెత్తుకుని పోయింది.

బావ ఒక ఇటుక మీద చెయ్యి పెట్టి, "ఇంతమంది చావు గురించి ఆలోచించి ఆలోచించి ఇక్కడే పోయారు. ఆలోచించనివాళ్లు కిందున్న ఊళ్లో పోయారు. తేడా ఏముందిరా?" అన్నాడు.

అదే అదననుకుని నేను మొదలుపెట్టాను. డాక్టరు మాట, అక్క ముఖం, ఇంకా చదువు పూర్తికాని పిల్లలు. మాష్టర్ని కదా, వరసపెట్టి చెప్పాను. బావ అడ్డు రాకుండా విన్నాడు. చివరికి నెమ్మదిగా అన్నాడు:

"కోటీ, నువ్వు ఎన్నాళ్లుగా నీళ్లలో కాలు పెట్టలేదు?"

నేను పంచెకంటిన మట్టి దులుపుకున్నాను.

"రాత ఉందని నువ్వు బావి కూడా తొంగిచూడవు. నా దగ్గరకొచ్చేసరికి రాత లేదంటున్నావు. ఏదో ఒకటి తేల్చుకుని చెప్పు."

కొండ దిగేటప్పుడు ఆయనకంటే నాలుగడుగులు ముందు నడిచాను. నాకు కోపం వచ్చింది. అందులో సగం ఆయన మీద కాదు.

నెల్లిమర్ల

తిరుగుబస్సు తప్పిపోయి నెల్లిమర్లలో చిక్కుబడ్డాం. జనపనార మిల్లు గొట్టం ఊరంతటికీ కనబడుతుంది. గాలిలో ఊరబెట్టిన గోగు వాసన. మేం గోంగూర ఆకు తిని కాడ పారేస్తాం. ఇక్కడ కాడే బంగారం. దాని నారతో సంచులు నేస్తారు. ఈ సంగతి చెబితే టీ కొట్లో పక్కనే కూర్చున్న మిల్లు కార్మికుడు పడి పడి నవ్వాడు. పేరు అప్పలస్వామి. తల నెరిసింది. షిఫ్టు దిగి వచ్చాడు.

మాటల్లో ఆయన తన అన్న సంగతి చెప్పాడు. యుద్ధానికి ముందు ఇద్దరూ రంగం పోవడానికి సిద్ధపడ్డారట. రంగం అంటే రంగూన్. ఈ ప్రాంతంలో రంగం పోయినవాళ్లు లేని ఇల్లు తక్కువ. ఓడెక్కే ముందురోజు చేపల కూర దగ్గర అన్నదమ్ములకు మాటా మాటా వచ్చింది. తలకాయ ముక్క ఎవరిదన్న దగ్గర. అప్పలస్వామి అలిగి మేనత్త ఊరు పోయాడు. అన్న ఒక్కడే ఓడెక్కాడు. రంగూన్ మీద బాంబులు పడ్డాక అందరూ అడవుల్లోంచి నడిచి వస్తుంటే, దారిలో ఎక్కడో పోయాడు.

"నాను అలక్కపోతే ఇద్దరం పోదుమో, ఇద్దరం బతుకుదుమో. నానే ఎల్లొద్దని ఆపుంటే ఆడుండేవోడో ఏటో," అన్నాడు. "అదంతా తలరాత అనుకుంటే నిద్దర పడతాది బాబూ. అనుకోకపోతే పట్టదు. అందుకని అనుకుంటన్నాను."

బస్సొచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాక అప్పలస్వామి మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. జరిగిపోయినదానికి తలరాత మంచి మందు. ఆయన దాన్ని మందులాగే, కొలత తెలిసి వాడుకుంటున్నాడు. మేమిద్దరం మాత్రం ఇంకా జరగనిదానికి వేసుకుంటున్నాం. బావ ఆపరేషను మానడానికి, నేను కాలవ మానడానికి. బావతో ఈ మాట అనబోయాను. నాకే ఇంకా ధైర్యం లేనప్పుడు అనడమెందుకని ఊరుకున్నాను.

వంశధార

బావ ముఖలింగం శివుణ్ణి చూడాలన్నాడు. ఆమదాలవలస చేరాక అక్కడికి రెండు దారులని చెప్పారు. నరసన్నపేట మీదుగా వంతెన దాటిపోతే చుట్టు. ఇవతలి ఒడ్డు దాకా బస్సులో పోయి పడవలో వంశధార దాటితే దగ్గర. దారిలో పోలీసులు బస్సాపి సంచులు వెతికారు. మన్యంలో గొడవలు మొదలయ్యాయని, కొత్తమనిషి కనబడితే ప్రశ్నలేననీ పక్కవాడు చెవిలో చెప్పాడు. నా సంచిలో బడి పుస్తకాలు చూసి వదిలేశారు.

ఏటి ఒడ్డున బావ ఆగి, "చుట్టే పోదాంలే," అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. నిజంగానే నా కోసం అన్నాడు.

"పడవలోనే పోదాం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

మాఘమాసపు ఏరు. ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారుతోంది. పడవలో పదిమంది దాకా ఉన్నారు, మేక పిల్లతో ఒక పెద్దావిడ, రెండు కొబ్బరి గెలలు. నేను మధ్యలో బల్ల పట్టుకుని కళ్లు మూసుకున్నాను. సగం దాటాక పడవ కర్రుమంది. కదల్లేదు. ఇసుకలో కూరుకుంది.

"మొగోళ్లు దిగండి, తోద్దాం," అన్నాడు పడవవాడు.

అందరూ పంచెలెగ్గట్టి దిగారు. నేను కదల్లేదు. "దిగండి బాబూ, మొల్లోతే," అన్నాడు. ఉన్నమాట చెప్పేశాను. "నేను దిగకూడదు. నాకు జలగండం ఉంది."

మేకావిడ నా వైపు తిరిగి గుండె బాదుకుంది. "ఓలమ్మో! గండం ఉన్నోడ్ని పడవెక్కించినావేట్రా! ఈడితోపాటు మనందర్నీ ముంచెత్తాది!"

"నాకేటి తెలుసే? మొకాన రాసున్నాదేటి?" అన్నాడు పడవవాడు. నా వైపు చూసి, "ముందు సెప్పొద్దేటి బాబూ! దిగిపోండి. పిల్లలు గలోళ్లం."

ఇన్నేళ్లూ నా గండాన్ని నమ్మినవాళ్లందరూ నన్ను నీళ్లకు దూరంగా లాగారు. ఈ పడవ నిండా ఉన్నవాళ్లు కూడా నమ్మారు. నమ్మారు కాబట్టే నీళ్లలోకి తోస్తున్నారు. బావ నోటికి తువ్వాలు అడ్డుపెట్టుకుని నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు.

దిగాను.

చల్లదనం ముందు మోకాళ్లను పట్టుకుంది, తర్వాత నడుమును. కాలికింద ఇసుక జారిపోతూ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అందరితోపాటు భుజం ఆనించి తోశాను. పడవ కదిలింది. కదిలినచోట గుంట ఉంది. కాలు అందులో పడి పూర్తిగా మునిగాను. ముక్కులో, నోట్లో నీళ్లు. పచ్చటి వెలుతురు. పైన ఎక్కడో బావ "కోటీ!" అని అరిచిన అరుపు. ఆ అరుపులో ఆయన పాత గొంతుంది.

చేతికి ఇసుక తగిలింది. మోకాళ్ల మీద లేచాను. నీళ్లు నడుము దాకానే ఉన్నాయి. దగ్గుతూ నిలబడ్డాను. పడవవాడు జాలిపడి చెయ్యి చాచాడు. మేకావిడ మాత్రం, "వద్దొద్దు, ఆడు నడిసే రానీ," అంది.

"నడిచే వస్తా," అన్నాను.

మిగతా ఏరంతా నడిచాను. ఒక పాయలో చంకల దాకా వచ్చింది, ఆగి, ప్రవాహానికి పక్కగా తిరిగి నిలబడటం తెలుసుకుని, మళ్లీ అడుగేశాను. ధైర్యం వచ్చిందని చెప్పను. భయం చివరిదాకా ఉంది. కాకపోతే అది వెనక్కి లాగడం మానేసి నా పక్కన నడిచింది.

శ్రీముఖలింగం

తడిబట్టలతోనే దర్శనం చేసుకున్నాం. శివుడికి ఇక్కడ రాతిలో ముఖం ఉంటుంది. ఇప్పచెట్టు మొదట్లో వెలిశాడంటారు. లింగం వెనక పెద్ద మట్టి గోలెం ఉంది. గర్భగుడి వాకిట్లోంచి పట్టనంత పెద్దది. ఒక కుమ్మరి మొక్కుకుని చేసి, లోపలికి పట్టకపోతే ఏడ్చి పడుకున్నాడనీ, తెల్లారేసరికి అది లోపలుందనీ పూజారి చెప్పాడు.

నా సంగతి విని పూజారి పంచె ఇచ్చి కట్టుకోమన్నాడు.

"గండం తీరినట్టేనా స్వామీ?" అన్నాను.

ఆయన నిజాయితీపరుడు. "నలభై నిండాలి కద బాబూ," అన్నాడు.

సాయంత్రం సత్రం అరుగు మీద వేడన్నంలో నువ్వులపొడి కలుపుకు తిన్నాం. ఏట్లో అరిచినందుకు బావ గొంతు బాగా దెబ్బతింది. తిన్నాక దగ్గరకు జరిగి, గుసగుసగా అన్నాడు:

"నీతో అబద్ధం చెప్పాను. రాత అనీ గీత అనీ నేనేం నమ్మను. చావంటే భయం లేదని కాదు, ఉంది. దానికంటే ఇంకోటి ఎక్కువుంది. గొంతు లేకుండా నేనెవర్నిరా? వీధిలో పోతుంటే, పాపం మూగాయన అంటారు. ఆ మనిషి నాకు తెలవదు. తెలియని మనిషిగా బతకమంటున్నారు మీరంతా."

ఇన్నాళ్లూ ఆయన్ని మొండివాడనుకున్నాను. ఆయన తనకు తాను ఒక దారి ఎంచుకున్నాడు, దాన్ని రాత అన్న దుప్పటి కప్పి దాచాడు, అంతే.

"నాకూ తెలవదు బావా ఆ మనిషి," అన్నాను. "అక్కకు మాత్రం కావాలట."

ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

కళింగపట్నం

వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు దీపస్తంభం, పాడుపడ్డ గిడ్డంగులు, చేపల పడవలు మిగిలాయి. మేం వెళ్లేసరికి పొద్దెక్కింది. తెప్పలొచ్చి చేపలు ఇసుక మీద కుప్పలు పోశారు. మగవాళ్లు వలలు ఆరేస్తున్నారు. ఆడవాళ్లు గంపలతో కుప్పల చుట్టూ మూగారు. పాట పిలిచే పెద్దమనిషి కూతురి పురుటికి పక్క ఊరు పోయాడట. ఎవరు పిలవాలన్న దగ్గర గొడవ. ఒకడు మొదలుపెడితే, "నీ మరదలికి తక్కువకి కొట్టెత్తావు," అని పదిమంది మీద పడ్డారు. ఎండకు చేపలు వాసనెక్కుతున్నాయి.

బావ ఆ గొడవను కాసేపు చూశాడు. చెప్పులు విప్పి నా చేతికిచ్చాడు. గుంపులోకి నడిచి కుప్ప పక్కన నిలబడి, "నేను మీలో ఎవరి చుట్టాన్నీ కాదు. నేను పిలుస్తా," అన్నాడు.

నల్లగా, పొడుగ్గా ఉన్న ఒకావిడ గంప నేలకేసి, "ఎవుడివి బాబూ నువ్వు? గొంతుకలో ఎండ్రకాయ పడినట్టు మాటాడతన్నావు," అంది. అందరూ నవ్వారు. ఆమె పేరు నూకాలు అని తర్వాత తెలిసింది.

బావ కూడా నవ్వి, పాట మొదలుపెట్టాడు. ఎన్నో నెలల తర్వాత విన్నాను ఆ పిలుపు. బొంగురుదే. అయినా లేచింది. కుప్ప నిండా ఉన్న వంజరాలను పొగిడాడు, కొననివాళ్లను దెప్పాడు, కొనేవాళ్లను ఎగదోశాడు. మా గుంటూరు యాసకు ఆడవాళ్లు విరగబడి నవ్వుతూనే పాట పెంచారు. నూకాలు అందరికంటే పైకి పాడింది. బావ చెయ్యెత్తి, "ఒకటోసారి! రెండోసారి! మూడో..."

మాట రాలేదు.

నోరు తెరిచే ఉంది. మెడ నరాలు పొంగాయి. గాలి వచ్చింది, శబ్దం రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. అలల చప్పుడొక్కటే మిగిలింది. నేను ముందుకు పరిగెత్తబోయాను. ఆయన నా వైపు చూడకుండానే ఎడమచేత్తో ఆగమన్నాడు. కుడిచేతి మూడు వేళ్లు పైకెత్తి, అరచేతిలో అరచెయ్యి వేసి ఠప్పున కొట్టాడు.

"అయిపోనాది! నాదే!" అని అరిచి నూకాలు కుప్ప మీద గంప పెట్టేసింది.

బావ రెండో కుప్ప దగ్గరికి నడిచాడు. ఇప్పుడు నోరు లేదు. వేళ్లతో పాట చూపించాడు. కనుబొమ్మలతో వెక్కిరించాడు. ఒకామె తక్కువ చెబితే ఇసుకలో కాలు తాటించి ముఖం అటు తిప్పుకున్నాడు. ఆమె సిగ్గుపడి పెంచింది. ముందు ఆడవాళ్లు కొంచెం తడబడ్డారు. తర్వాత ఆయన చేతుల మీంచి చూపు తిప్పలేదు. చూపు తప్పితే పాట తప్పుతుంది మరి. చివరి కుప్ప దాకా పిలిచాడు. అయ్యాక ఇసుక మీద కూలబడ్డాడు. తువ్వాలు నోటికి అద్దుకుంటే దాని మీద నెత్తురు చుక్క.

నూకాలు చోడి అంబలి, మా వైపు రాగిజావ, ముంతలో తెచ్చి ఇచ్చింది. "తాగు నాయనా. గొంతుకకేటైనాది?"

నేను చెప్పాను. ఆమె బావ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"కోసేత్తే బతుకుతావేటి?"

బావ అరచెయ్యి ఇటూ అటూ తిప్పాడు. చెప్పలేమన్నట్టు.

"కొయ్యకపోతే?"

చెయ్యి కిందికి వాల్చాడు.

"మరేటి సూత్తన్నావు?"

ఆమె సముద్రం వైపు చూసి, కోపంగానే అంది: "మా ఆయన తెప్ప మీద ఎల్లినాడు, గాలొచ్చినాది, రానేదు. సంద్రం ఆడ్ని ఏటీ అడగనేదు. ఒరే, ఉంటావా పోతావా అని అడగనేదు. నిన్నడిగినారు కదా! అడిగినోళ్లకి జవాబు సెప్పాలి."

గంప నెత్తికెత్తుకుని, అంబలి ముంత మాత్రం అక్కడే వదిలి, చేపలమ్ముకోవడానికి చకచకా వెళ్లిపోయింది. ఆమెకు ఊళ్లు తిరిగే వేళయింది.

బావ ముంత ఖాళీ చేసేదాకా తాగాడు. ఆ మధ్యాహ్నం నేను చొక్కా విప్పి సముద్రంలో మోకాళ్ల దాకా నిలబడ్డాను. అల వచ్చినప్పుడల్లా ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ ముందుకొచ్చాను. ఒడ్డు నుంచి బావ నన్ను చూస్తూ కూర్చున్నాడు.

తెల్లారి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో నేను సంచులు కాపలా కాస్తుంటే, టిక్కెట్ల కిటికీ దగ్గరికి ఆయనే వెళ్లాడు. గుమాస్తా, "ఎక్కడికీ? గట్టిగా చెప్పండి," అంటున్నాడు. బావ రెండు చేతులూ కిటికీ మీద ఆనించి, ఉన్న బలమంతా పోగుచేసుకుని అన్నాడు: "మద్రాసు. రెండు."

మద్రాసు

ఆపరేషనయి కొన్ని నెలలయింది. బావ ఉన్నాడు. మెడ దగ్గర కన్నానికి పల్చటి గుడ్డ కట్టుకుంటాడు. ఎన్నేళ్లన్నది డాక్టర్లు చెప్పలేదు, మేం అడగలేదు. పోయిన నెల మా ఊరి చింతతోపు పాట చేతులతోనే పిలిచాడు. ముందు నవ్వినవాళ్లున్నారు, జాలిపడ్డవాళ్లున్నారు. ఆయన లెక్కచేయలేదు. నేను సాగరు కాలవలో ఈత నేర్చుకుంటున్నాను. నలభై నిండటానికి ఇంకా టైముంది. నిండకపోవచ్చు కూడా. నేర్చుకోవడం మాత్రం మానను.

ఆపరేషను రోజు పొద్దున సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను.

మా వైపు మొగుడూ పెళ్లాం ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. బావ వేలంపాటలో వెయ్యిమందిని పేరుపేరునా పిలిచినవాడే గానీ, ఇంట్లో అక్కను "ఇదుగో" అనీ "ఏమేవ్" అనీ తప్ప పిలవగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు వార్డులో తెల్లబట్టలు తొడిగి, ఆయన్ని చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. అక్క చూడలేక వరండా చివరకు పోయి, స్తంభానికి ఆనుకుని అటు తిరిగి నిలబడింది. పక్కనున్న నర్సు మాట్లాడవద్దని, గొంతుకు శ్రమ ఇవ్వొద్దని చెబుతోంది. బావ ఆమె చెయ్యి మెల్లగా పక్కకు జరిపి, మోచేతుల మీద లేచాడు.

"రాజ్యలక్ష్మీ!"

వార్డంతా తిరిగి చూసింది. పొడిగా, పగిలి, సగం గాలే. అయినా వరండా చివరిదాకా వెళ్లింది ఆ పిలుపు.

అక్క ఉలిక్కిపడి తిరిగింది. ఆమె ముఖం పెళ్లినాటి పిల్ల ముఖంలా ఎర్రబడింది. కొంగు నడుముకు చుట్టుకుని, ఎన్నో ఏళ్లుగా ఆ పిలుపుకు అలవాటుపడ్డ మనిషిలా, అందరికీ వినబడేట్టు బదులిచ్చింది:

"ఆఁ, వస్తున్నా!"